జబ్బు తగ్గిన తేదీ

మా ఆఫీసు చిక్కపేటలో ఒక ఇత్తడి సామాన్ల అంగడి మీది మేడలో ఉండేది. కింద బిందెలకు సొట్టలు తీస్తుంటే పైన మేము జబ్బులకు లెక్కలు కట్టేవాళ్ళం. ఆ చప్పుడులో కౌంటరు అవతలి మనిషి తన కష్టం మూడుసార్లు చెబితే గాని మాకు వినబడేది కాదు. నాలుగోసారి చెప్పేటప్పటికి చాలామందికి నవ్వొచ్చేది. అందుకేనేమో, రోజంతా జబ్బు మనుషులు వచ్చిపోయే చోటైనా మాది దిగులు ఆఫీసు అని నాకెప్పుడూ అనిపించలేదు.

ఫ్యాక్టరీ కార్మికులకు బీమా ఇచ్చే ఆఫీసు అది. డెబ్బైల మధ్యలో నేను గుమాస్తాగా చేరాను. మా ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం తిని, అమ్మతో నాలుగు మాటలు పడి, ఎండలో మళ్ళీ మెట్లెక్కేవాణ్ణి. ఇప్పుడు ఇలాంటి ఉద్యోగంలో చేరే పిల్లలు కంప్యూటర్లో తేదీలు కొడితే చాలు, మిగతా లెక్క అదే చూసుకుంటుంది. మాకు లెడ్జరు, గోడ మీద క్యాలెండరు, పక్క కుర్చీలో సీనియరు. అంతే ఆధారం.

సూత్రం చిన్నదే. కార్మికుడికి జబ్బు చేస్తే మా డిస్పెన్సరీ డాక్టరు చీటీ ఇస్తారు. ఆ చీటీ తెస్తే, పనికి పోలేని రోజులకు జీతంలో సుమారు సగం మేమిస్తాం. అయితే మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. ప్రతి తలనొప్పికీ జలుబుకీ జనం వరసలో నిలబడకుండా వేసిన అడ్డుకట్ట అది. మరి జబ్బు తగ్గి, పనికి పోయి, మళ్ళీ తిరగబెట్టి పడుకునేవాళ్ళ మాటేమిటి? పడుకున్న ప్రతిసారీ రెండు రోజులు పోగొట్టుకోవాలా? అక్కర్లేదు. పోయినసారి జబ్బుకూ ఈసారి జబ్బుకూ మధ్య పదిహేను రోజులకు మించి ఎడం లేకపోతే ఆ రెండు రోజులు కోయకూడదు. ఈ పని నాకు నేర్పింది మా సీనియరు గుమాస్తా. మంచి మనిషి, భారీ మనిషి. లెడ్జరు మీద వేలు పెట్టి, "ఈడనుంచి పదిహేను లెక్కపెట్టుకో, మించితే రెండు కొయ్యి, మించకపోతే కొయ్యొద్దు" అన్నాడు. నేను జబ్బు మొదలైన తేదీ చూసుకుని, అక్కడినుంచి పదిహేను లెక్కపెట్టేవాణ్ణి. చేతి వేగం పెరిగింది. ఆరు నెలల్లో మా ఆఫీసులో నాకంటే వేగంగా చీటీలు తేల్చేవాడు లేడని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగానే తలకెక్కింది.

అలా నాలుగేళ్ళు గడిచాక ఒకామె నా కౌంటరుకు తరచుగా రావడం మొదలైంది.

ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. సిటీ స్టేషను వెనకాల ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని. ఊరు హూడి. ఇప్పుడు హూడి అంటే అద్దాల మేడలు గుర్తొస్తాయి మీకు. అప్పుడది రాగి చేలూ ద్రాక్ష తోటలూ ఉన్న పల్లె. ఆమె తెల్లవారగానే వైట్‌ఫీల్డు దాకా నడిచి, ప్యాసింజరు రైలెక్కి సిటీకి వచ్చేది. జబ్బు ఆయాసం. వచ్చిందంటే నాలుగైదు రోజులు మంచం. తరవాత చీటీ పట్టుకుని మా మేడ మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కేది.

"ఏమప్పా, ఈసారీ రెండు దినాలు కోసినావా?"

"నేను కోసేది లేదక్కా. రూలు కోస్తాది."

"ఆ రూలు యాడ ఉండాది?"

"లోపల బీరువాలో ఉండాది."

"బయటికి రాదా?"

వెనకాల వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నా ముందున్న లెడ్జరు గళ్ళు ఆమెకు చూపించి, పోయినసారి మొదలైంది ఫలానా తేదీ, ఈసారి మొదలైంది ఫలానా తేదీ, మధ్యలో పదిహేడు రోజులు, పదిహేను దాటింది కాబట్టి ఇది కొత్త జబ్బు, అని పాఠం చెప్పాను. ఆమె "కొత్త జబ్బా. పాతదే అనుకుంటా ఉన్నాను" అని సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

ఇలా అయిదారుసార్లు జరిగింది. ఒకరోజు పని తక్కువగా ఉండి, ఆమె పేజీ తిరగేస్తుంటే నాకొకటి తట్టింది. ఈమె జబ్బు దాదాపు ప్రతిసారీ పదహారు రోజులకో, పదిహేడుకో, పద్దెనిమిదికో వస్తోంది. జబ్బుకు ఇంత క్రమశిక్షణ ఏమిటి? మనిషి కావాలని పడుకుంటే తప్ప ఇంత కొలిచినట్టు వస్తుందా? ఆ వయసులో అనుమానం తెలివిలాగే కనపడుతుంది. ఒక కాగితం తీసుకుని, ఈమె గైరుహాజరీలు ఒక పద్ధతి ప్రకారం ఉన్నట్టు కనిపిస్తోందనీ, చీటీలు పరిశీలించడం మంచిదనీ మేనేజరు గారికి నోటు రాశాను. అందులో ఇంగ్లీషు బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మేనేజరు గారు మైసూరు వైపు ఆయన. నెమ్మదిగా మాట్లాడేవారు, నెమ్మదిగా సంతకం పెట్టేవారు. ఆ నోటు మీద సంతకం పెట్టి, నకలు ఒకటి డిస్పెన్సరీకీ ఒకటి ఫ్యాక్టరీకీ పంపించారు. పద్ధతి అదే. నేనంత దూరం ఆలోచించలేదు.

వారం తిరగకముందే డిస్పెన్సరీ నుంచి ఫోను. మా ఆఫీసులో ఫోను మేనేజరు బల్ల మీద ఒక్కటే. నన్ను పిలిచి రిసీవరు చేతికిచ్చారు. అవతల లేడీ డాక్టరు.

"ఆ నోటు రాసింది నువ్వేనా?"

"అవును మేడం."

"ఆమె ఛాతీలో పిల్లికూతలు నేను విన్నాను. నువ్వేం విన్నావు? క్యాలెండరు విన్నావా?"

ఆవిడ ఫోను పెట్టేశారు. మేనేజరు గారు ఏమీ అడగకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ మర్నాడు ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. మా నోటు ఆధారంగా ఆమెకు నోటీసు ఇచ్చారట. మాటిమాటికీ దొంగ జబ్బుతో మానుకుంటున్నందుకు ఉద్యోగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని. విచారణ వచ్చే శుక్రవారం. బీమా ఆఫీసు తరఫున ఒకరు లెడ్జరుతో రావాలని కోరారు.

నేను రాసింది పరిశీలించమని. వాళ్ళు చదివింది దొంగ అని. నా గుండెలో మొదటిసారి కొంచెం కలుక్కుమంది. అయినా లోపల ఒక మూల, నేను చెప్పిందే నిజమైతే బాగుండునన్న ఆశ మాత్రం వదల్లేదు. మనిషికి తన అనుమానం మీద ఉండే మమకారం సొంత పిల్లల మీద కూడా ఉండదు.

అదే వారం ఆమెకు మళ్ళీ ఆయాసం వచ్చి పడుకున్నట్టు చీటీ వచ్చింది. మేనేజరు గారు ఒక ఫారం నా చేతిలో పెట్టి, "నువ్వే పోయి చూసి రా. ఇంట్లో ఉందో లేదో, ఎలా ఉందో, కళ్ళతో చూసి రాయి" అన్నారు.

శివాజీనగరంలో బస్సు మారి, మెయిన్ రోడ్డు మీద దిగి, మట్టిదారిన హూడికి నడిచాను. ఎండాకాలం మొదలు. ఇంటి గుమ్మంలో ఆమె అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది.

"కోడలు ఉండాదా అవ్వా?"

"లేదప్పా. తోటకు పోయింది."

తోటకు. పడుకోవాల్సిన మనిషి తోటకు పోయింది. నిజం చెబుతున్నాను, ఆ మాట విని నేను సంతోషపడ్డాను. నోటు రాసినప్పటినుంచి నన్ను తింటున్నదంతా దిగిపోయింది. ఫారం మీద టైము రాసుకుని, ద్రాక్ష పందిళ్ళ కింద వంగి వంగి నడుస్తూ పోయాను. అక్కడ గంప నెత్తిన పెట్టుకునో, కాయలు కోస్తూనో దొరుకుతుందని నా ఊహ.

తోట చివర బావి. పంపుసెట్టు నీళ్ళు సిమెంటు తొట్టిలో పడుతున్నాయి. ఆ తొట్టి గట్టు మీద ఆమె కూర్చుని ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు చెవులదాకా ఎత్తి, ముందుకు వంగి. దగ్గరికి పోతే ఆ మోటారు చప్పుడులోనూ పిల్లికూతలు వినిపించాయి. ఇన్నాళ్ళూ ఆమె జబ్బు తగ్గాక చీటీ తెచ్చినప్పుడే చూశాను నేను. జబ్బులో చూడడం అదే మొదలు.

నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"ఇంట్లో పొయ్యి పొగ," అని ఊపిరి తీసుకుని, "ఈడ నీళ్ళ గాలి తగిలితే కొంచెం ఆడతాది," అంది. ఇంకో ఊపిరి తీసుకుని, "నువ్వేమప్పా ఇంత దూరం?" అని అడిగింది.

తనిఖీకి వచ్చానని చెప్పలేకపోయాను. ఫారం మడిచి జేబులో పెట్టుకుని తొట్టి అవతలి గట్టు మీద కూర్చున్నాను. అత్త వెనకాలే చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఆమెకు కాస్త ఊపిరి నిలిచాక, ఫ్యాక్టరీలో ఏం పని చేస్తావని అడిగాను. నాలుగేళ్ళలో కౌంటరు దగ్గర ఎవరినీ అడగని ప్రశ్న అది.

"ప్యాకింగు. పొట్లానికి పదహారు. చూసి ఎంచేదేమీ లేదప్పా. చేతికి తెలుస్తాది. పదిహేనైతే చెయ్యి ఒప్పుకోదు." అరచెయ్యి వంచి చూపించింది. "మైదా లారీ వచ్చినప్పుడు మాత్రం అందరమూ జల్లెడ కాడికి పోవాల. రెండు దినాలు ఆ పిండిలోనే. ఆ పొద్దంతా తెల్లగా దయ్యాల మాదిరి ఉంటాము." నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

"లారీ ఎప్పుడొస్తాది?"

"సరుకు అయిపోయినప్పుడు. పదహైదు దినాలకు, ఇరవై లోపల."

"జబ్బు ఎప్పుడొస్తాది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "జల్లెడ పట్టినాంక," అంది, సూర్యుడు తూర్పున వస్తాడని చెప్పినట్టు.

నేను మజ్జిగ చెంబు కింద పెట్టాను. జబ్బుకు క్రమశిక్షణ ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోయింది.

లేచి వెళ్దామనుకుంటుంటే ఆమె అడిగింది. "వచ్చినావు గదా, ఒకటి చెప్పిపో. ఈసారీ రెండు దినాలు కోస్తావా?"

"పోయినసారి మొదలైనప్పటినుంచి పదిహేను దాటితే కోయాల గదక్కా."

"మొదలైనప్పట్నుంచా? తగ్గినప్పట్నుంచా?"

"మొదలైనప్పట్నుంచే."

"అదెట్లప్పా?" నిజంగానే అర్థంకాక అడిగింది. "వాన కురుస్తా ఉంటే, వాన నిలిచి ఎన్ని దినాలయిందని ఎవురన్నా లెక్క పెడ్తారా? నిలిచినాంక కదా పెట్టేది? నేను మంచంలో ఉన్న అయిదు దినాలు నువ్వు మంచిగుండే దినాల్లో కలిపేస్తే, నాకు తగ్గేదెప్పుడు, మళ్ళీ వచ్చేదెప్పుడు?"

రూలు అదేనక్కా అని గట్టిగానే అన్నాను. కానీ బస్సులో వెనక్కి వస్తూ ఆ వాన ముక్క నా తలలోంచి పోలేదు. రూలుకు బుద్ధి ఉండకపోవచ్చు, చాలా రూళ్ళకు ఉండదు. అయితే ఆ రూలు పుస్తకం నేను ఒక్కసారీ తెరిచి చూడలేదన్న సంగతి ఆ బస్సులోనే నాకు గుర్తొచ్చింది.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు పోయి బీరువా తెరిచాను. పుస్తకం అట్ట చెదలు తిన్నది గాని లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. ఆ పేరా మూడుసార్లు చదివాను. పోయినసారి జబ్బు ముగిసిన నాటికీ ఈసారి మొదలైన నాటికీ మధ్య ఎడం పదిహేను రోజులకు మించకపోతే. ముగిసిన నాటికీ. ఆమె లెక్క ప్రకారం దాదాపు ప్రతిసారీ పన్నెండో పదమూడో. ఒకటి రెండుసార్లు తప్ప రెండు రోజులు కోయాల్సిన పనే లేదు. ఆమె ఒక్కతే కాదు. తిరగబెట్టే జబ్బుతో నా కౌంటరుకు వచ్చిన వాళ్ళలో నాలుగేళ్ళుగా ఎంతమందికి కోశానో.

సీనియరు గుమాస్తా వచ్చేదాకా ఆగి, పుస్తకం ఆయన ముందు పెట్టాను.

"నేను చెప్పింది ఇదే గదప్పా," అన్నాడాయన. "తగ్గిన తేదీ గడి చూపించినాను."

"వేలు పెట్టి చూపించినారు సార్. మీ వేలు రెండు గళ్ళ మీదా పడింది."

ఆయన తన చూపుడువేలు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. లెడ్జరు తెరిచి గళ్ళ మీద ఆనించాడు. మొదలైన తేదీ, తగ్గిన తేదీ రెండూ దాని కింద మాయమయ్యాయి. చాలాసేపు దాన్నే చూసి, "ఇంట్లో ఉంగరం కూడా పట్టదు," అన్నాడు. ఎంత భయంగా ఉన్నా నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు. తరవాత గొంతు తగ్గించి, "పో, లోపలికి పోయి నువ్వే చెప్పు. ఇంకొకరు చెప్పేలోపల నువ్వు చెప్తే సగం తప్పు," అన్నాడు. వేలు నాదే గదా అని ఆయన కూడా నాతోపాటు లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

మేనేజరు గారు అంతా విన్నారు. పుస్తకం తెప్పించుకుని ఆ పేరా చదివారు. నెమ్మదిగా కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"శుక్రవారం విచారణకు ఎవరిని పంపాలా అని ఆలోచిస్తున్నాను. ఇంక ఆలోచించక్కర్లేదు. నువ్వు పో. ఇప్పుడు నాకు చెప్పిందే అక్కడా చెప్పు. ఒక్క ముక్క తగ్గించొద్దు."

ఫ్యాక్టరీ గేటు దాటగానే కాలుతున్న వెన్న, చక్కెర వాసన. ఆకలి లేనివాడికీ ఆకలేసే వాసన. లేబర్ ఆఫీసరు సఫారీ సూటులో ఉన్నాడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మర్యాదస్థుడు. నాకు కుర్చీ వేయించి, టీ, పళ్ళెం నిండా బిస్కెట్లు పెట్టించాడు. ఆమె తలుపు పక్కన నిలబడి ఉంది. జబ్బు తగ్గి రెండు రోజులయింది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆమె నిలబడి ఉండగా నేను బిస్కెట్టు ముట్టుకోలేదు. ఆమెకూ ఒక స్టూలు వేయించమన్నాను. వేయించాడు.

"మీ నోటు చాలా పనికొచ్చింది," అని మొదలుపెట్టాడు ఆయన. "మాకూ అనుమానం ఉండేది గాని, మీరు తేదీలతో సహా రాశారు."

"ముందు నా సంగతి చెప్పాల సార్," అన్నాను. "ఆ నోటు నేను రాసిందే. ఆమెను చూడకుండా, అడగకుండా రాసినాను. ఆ తేదీల మధ్య ఎడం కూడా నేను తప్పు లెక్కపెట్టినాను. నాలుగేళ్ళు రూలు పుస్తకం తెరిచి చూడకుండా ఆమెకు రావాల్సిన దినాలు కోసినాను. ఇది మా మేనేజరు గారికి చెప్పి వచ్చినాను."

ఆమె నన్ను తేరిపార చూసింది. లేబర్ ఆఫీసరు పెన్సిలు తిప్పుతూ, "సరే, మీ లెక్క తప్పు. కానీ ఆమె జబ్బు కొలిచినట్టు వచ్చేది మాత్రం నిజమే గదా?" అన్నాడు. తెలివైన ప్రశ్నే.

"నిజమే సార్. మీ గేటు పుస్తకం ఒకసారి తెప్పించండి. మైదా లారీలు వచ్చినవి చూడాల."

ఆయనకు అర్థం కాకపోయినా తెప్పించాడు. నేను లెడ్జరులోంచి జబ్బు మొదలైన తేదీలు ఒకటొకటే చదివాను. ఆయన గేటు పుస్తకంలో లారీ తేదీలు వెతికాడు. మొదటిది, లారీ వచ్చిన మూడో రోజు. రెండోది, మూడో రోజు. తరవాతిది రెండో రోజు. నాలుగో తేదీకి వచ్చేటప్పటికి ఆయన నేను చదవకముందే వేలు పెట్టి వెతుకుతున్నాడు. ఆరోదాని దగ్గర ఆగాడు.

"ఇదిగో. ఈసారి లారీ వచ్చింది. ఈమెకు జబ్బు రాలేదు. మీ లెడ్జరులో ఉందా?"

నా లెడ్జరులో లేదు. అది నేను ముందే చూసుకోవాల్సింది. చూసుకోలేదు.

ఆమె స్టూలు మీదనుంచి, "ఏ నెల సార్ అది?" అని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకుని, "ఆ వారం మా ఆడబిడ్డ పెండ్లి. రజా రాసిచ్చి పోయినాను సార్. జల్లెడ పట్టలేదు," అంది.

హాజరు పుస్తకం వచ్చింది. ఆ వారం ఆమె పేరు ఎదురుగా సెలవని రాసి ఉంది. కింద ఈ లేబర్ ఆఫీసరు సంతకమే ఉంది.

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. మూడు పుస్తకాలనూ మూసి, ఆమె వైపు తిరిగాడు. "ఇంత సంగతి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"పనికి ఎందుకు రాలేదని అడిగినారు సార్. జబ్బు అని చెప్పినా. జబ్బు ఎందుకు వస్తాదని ఎవురూ అడగలేదు."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. అందుకే మా ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. చివరికి ఆయనే బిస్కెట్ల పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "తీసుకోమ్మా." ఆమె నవ్వి, "పొద్దున్నించీ చేతిలో అవే గదా సార్, టీ అయితే తాగుతా," అంది. ఆ గదిలో ముగ్గురం నవ్వాం. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన అక్కడే రాసి సంతకం పెట్టాడు. ఆమెకు ఇకమీద జల్లెడ పని లేదనీ, ప్యాకింగు మాత్రమేననీ ఇంకో కాగితం రాశాడు. జల్లెడ పట్టే మిగతా ఆడవాళ్ళందరికీ ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డలు ఇచ్చారని తరవాత డాక్టరమ్మ చెప్పారు. ఆవిడ ఆ మాట చెప్పడానికే ఫోను చేశారు. ఈసారి నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఫ్యాక్టరీ పని అయింది. నా పని మిగిలింది. నాలుగేళ్ళ లెడ్జర్లన్నీ తిరగేసి, తప్పుగా కోసిన ప్రతి రెండు రోజులూ వెతికి తీయమన్నారు మేనేజరు గారు. ఆఫీసు టైములో కాదు, శనివారం మధ్యాహ్నాలు. సీనియరు గుమాస్తా అడగకుండానే వచ్చి పక్కన కూర్చునేవాడు. లెడ్జరు మీద మాత్రం వేలు పెట్టకుండా పెన్సిలు మొనతో చూపించేవాడు. మా క్యాషియరమ్మ చిత్రాన్నం డబ్బా తెచ్చి పెట్టి, "తినండి, తిని మళ్ళీ ఏడవండి," అనేది. అంత నవ్వుకుంటూ అనుభవించిన శిక్ష నాకు మరొకటి గుర్తు లేదు.

జాబితా తయారయ్యాక అందరికీ కార్డులు రాశాం. జనం రావడం మొదలుపెట్టారు. నేను తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. మొదట వచ్చినవాడు ఒక నేత మిల్లు మనిషి. విషయమంతా చెప్పి, తప్పు నాదని కూడా చెప్పాను. అతను విని, చేతులు జోడించి, "నాలుగేళ్ళ కిందటి జబ్బుకు ఇప్పుడు పిలిచి ఇస్తా ఉన్నారు. మీలాంటి ఆఫీసరు ఉండాల స్వామీ," అన్నాడు. సాయంత్రం అరటిపండ్ల చీపు ఒకటి నా బల్ల మీద పెట్టి పోయాడు. వాళ్ళది వాళ్ళకు ఇచ్చినందుకు నాకు దణ్ణాలు. తిట్టింది ఒకే ఒకడు, అతని మీదే నాకు ఎక్కువ గౌరవం కలిగింది. పిల్లలూ, మీరు ఇలాంటి కుర్చీల్లో కూర్చున్నప్పుడు జనం కృతజ్ఞతను మీ పనికి కొలతగా పెట్టుకోకండి. వాళ్ళు అతి తక్కువకే సంతోషపడేటట్టు మనమే అలవాటు చేశాం.

పై ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. ఇకమీద జాగ్రత్తగా ఉండమని హెచ్చరిక. అదే కవరులో మిగతా ఆఫీసులన్నిటికీ ఒక సర్క్యులరు, ఎడం ఎక్కడినుంచి లెక్కపెడుతున్నారో ఒకసారి చూసుకోమని. ఆ తరవాత ఇంకో ఊళ్ళో ఒక గుమాస్తా నాకు కార్డు రాశాడు. తనూ మొదలైన తేదీ నుంచే లెక్కపెడుతున్నాడట. తనకు ఎవరి వేలూ అడ్డం రాలేదట, ఊరికే అలా అనుకున్నాడట.

ఆమె అందరికంటే ఆలస్యంగా వచ్చింది, కార్డు పంపిన నెలకు. మెట్లెక్కుతుంటే చూశాను, మధ్యలో ఎక్కడా ఆగలేదు. లెడ్జరు తిప్పి ఆమె ముందు పెట్టి, దిద్దిన తేదీలన్నీ చూపించాను. ఓపిగ్గా చూసి, సంతకం పెట్టి, పైట కొంగు సర్దుకుంది.

"ఆయాసం ఎట్లుండాదక్కా?"

"లేదప్పా. చలికి ఒక దినం వచ్చి పోయింది. పని మానలేదు." పోబోతూ ఆగింది. "ఒక మాట చెప్తాను, బేజారు చేసుకోవద్దు. ఇంక నీ మొగం చూడకూడదని మొక్కుకున్నాను."

"నేనూ అదే కోరుకుంటా ఉన్నానక్కా."

ఆమె తల ఊపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎనభైల చివర ఆఫీసు మరో వీధికి మారేదాకా అదే కౌంటరులో కూర్చున్నాను. బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్ళు ఎంతోమంది వచ్చారు. జ్వరాలు, నడుము నొప్పులు, ఒకసారి కామెర్లు. వచ్చినవాళ్ళను ఆమె సంగతి అడిగేవాణ్ణి. ప్యాకింగులో ఉండాది, బాగుండాది అనేవాళ్ళు. ఆమె మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు.